ఖాళీలను పూరింపుము

పదో తరగతి పిల్లలు ప్రతి పరీక్షా రెండుసార్లు రాస్తారు. మొదటిది హాల్లో, ఇన్విజిలేటరు ఎదుట. రెండోది గేటు బయట, ఒకరి ఎదుట ఒకరు. మొదటి పరీక్షకు మార్కులుంటాయి. రెండోదానికి ఉండవు. కానీ ఏది సరైన జవాబో పిల్లలు నేర్చుకునేది రెండోదాంట్లోనే. నలుగురూ రాసింది సరైనది. నువ్వొక్కదానివే రాసింది తప్పు. ఈ సూత్రం ఏ వాచకంలోనూ అచ్చు కాలేదు. అయినా పిల్లలందరికీ వచ్చు.

కొన్నేళ్ళ కిందట చిలకలూరిపేటలో అలాంటి ఒక గేటు ముందు మేము నిలబడి ఉన్నాం. 2014లో వచ్చిన పదో తరగతి తెలుగు వాచకం నడుస్తున్న రోజులవి. మా ఆపా కూతురిని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చాం. ఎండ మాడు పగలగొడుతోంది. కల్లాల్లో మిరపకాయలు ఎండే కాలం. గుంటూరు యార్డుకు టిక్కీలు మోసుకుపోయే లారీలు రోడ్డు మీద వెళ్తుంటే ఘాటుకు ముక్కు చీదుకుంటూనే పిల్లలు ప్రశ్నపత్రాలు విప్పారు.

"యవన కాంత అంటే ఏం రాశావ్?"

"యవ్వనంలో ఉన్న ఆవిడ."

"ఛీ, కాదెహె. యవన అంటే తురక. తురకావిడ."

ఆ మాట అన్న కుర్రాడికి పక్కన మా పిల్ల ఉందని అప్పుడు గుర్తొచ్చింది. "అంటే, ముస్లిం స్త్రీ అని" అంటూ సర్దుకున్నాడు. మా పిల్ల ఏమీ అనలేదు. ఇంకో అమ్మాయి వాతావరణం తేలిక చేద్దామనుకుందేమో, "నీకేమే, అది మీవాళ్ళ పాఠమే కదా, బాగా రాసుంటావు" అంది. అందరూ నవ్వారు. మా పిల్లా నవ్వింది. ఆ నవ్వు మాకు తెలుసు. మేమూ ఆ వయసులో అలాగే నవ్వాం.

ఇక్కడ ఆ పాఠం సంగతి చెప్పాలి. పాఠం పేరు 'మాతృభావన'. గడియారం వేంకట శేషశాస్త్రి (1894-1980) రాసిన 'శివభారతం' కావ్యంలోది. శివాజీ సేనాని సోన్‌దేవుడు కల్యాణి దుర్గాన్ని గెలిచి, అక్కడి యవన సర్దారును, అతని రాణివాసాన్ని బంధించి తెస్తాడు. శివాజీ సంతోషించడు. మండిపడతాడు. స్త్రీలు తల్లుల్లాంటి వాళ్ళని, వాళ్ళను అవమానించిన వాళ్ళు బతికి బట్టకట్టలేదని చెబుతాడు. పురాణాల్లోని పతివ్రతలను గుర్తు చేస్తాడు. తెచ్చిన యవన కాంతను తల్లిగా గౌరవించి ఇంటికి పంపిస్తాడు.

మంచి కథ. మంచి పద్యాలు. మేము వెటకారంగా అనడం లేదు. ఇలాంటి పాఠం పేరెత్తగానే ముస్లిం రచయిత అయితే తీసిపారేస్తాడని, లౌకికవాది అయితే వెనకేసుకొస్తాడని పాఠకులు ముందే ఒక అంచనాకు వస్తారు. మా మాట ఆ రెండింటిలోనూ ఇమడదు. అందుకే కొంచెం నిదానంగా చెప్పాల్సి వస్తోంది.

శివాజీ స్త్రీల పట్ల మర్యాద చూపాడన్న మాట శేషశాస్త్రిగారు కల్పించింది కాదు. పద్దెనిమిదో శతాబ్దంలో పారసీలో చరిత్ర రాసిన ఖాఫీఖాన్ కూడా ఆ మాట రాశాడు. ఆయన మొఘలుల పక్షం మనిషి. శివాజీ అంటే ఆయనకు గిట్టదు. తిట్లకు కొదవ పెట్టలేదు. అయినా మసీదుల జోలికి, ఖురాన్ జోలికి, స్త్రీల జోలికి పోవద్దని శివాజీ తన సైన్యానికి కట్టడి చేశాడని రాసిపెట్టాడు. గిట్టనివాడి నోట వచ్చిన మెచ్చుకోలు కంటే గట్టి సాక్ష్యం ఏముంటుంది? శేషశాస్త్రిగారు జాతీయోద్యమ కాలపు కవి. ఆ రోజుల్లో శివాజీ చాలామంది కవులకు స్వేచ్ఛకు గుర్తు. ఆ శివాజీ చేత శత్రుస్త్రీని తల్లీ అనిపించడం కవి సంస్కారం.

ఈ సంస్కారం విలువ తెలియాలంటే దాన్ని తిట్టినవాళ్ళ మాట కూడా వినాలి. సావర్కర్ తన చివరి రోజుల్లో రాసిన 'ఆరు స్వర్ణపుటలు' గ్రంథంలో ఇదే కల్యాణి కథ ఎత్తుకుని శివాజీని తప్పుబట్టాడు. శత్రువు ఇంటి ఆడదాన్ని గౌరవంగా తిప్పిపంపడం ఆయన దృష్టిలో వికటించిన సద్గుణం. ప్రతీకారం తీర్చుకోకపోవడం పొరపాటు. ఆ మాటల పక్కన పెట్టి చూస్తే 'మాతృభావన' ఎంత ఎత్తున ఉందో కనిపిస్తుంది. ఆ పాఠాన్ని వాచకంలో పెట్టినవాళ్ళు మంచి ఉద్దేశంతోనే పెట్టి ఉంటారు. ఇదంతా ఒప్పుకున్న తర్వాతే మా ప్రశ్న మొదలవుతుంది.

మెచ్చుకున్న ఖాఫీఖాన్, కీర్తించిన శేషశాస్త్రి, తప్పుబట్టిన సావర్కర్, ముగ్గురూ మాట్లాడింది ఆడవాళ్ళను పట్టినవాడి గురించీ, విడిచినవాడి గురించీ. వాళ్ళ జోలికి పోవద్దని ఆజ్ఞ ఇచ్చాడని ఒకరు, తల్లిగా భావించి పంపాడని ఒకరు, పంపకుండా ఉండాల్సిందని ఒకరు. మరి ఆ కల్యాణి స్త్రీ ఏమంది? వాచకంలోకి తీసుకున్న పద్యాల్లో ఆమెకు పేరు లేదు. మాట లేదు. 'యవన' అన్న జాతిపేరు, 'కాంత' అన్న ఆడపేరు తప్ప ఆమె దగ్గర ఏమీ లేదు. ఆ జాతిపేరైనా ఆమెది కాదు. యవనులంటే మొదట గ్రీకులు. తర్వాత పడమటి నుంచి వచ్చిన ప్రతివాడికీ ఆ మాట అంటుకుంది. చివరికి ఇక్కడే పుట్టి ఇక్కడే మట్టిలో కలిసే ముస్లింలకూ అంటుకుంది. పదిహేనేళ్ళ కుర్రాడు దాన్ని 'యవ్వనం' అనుకున్నాడంటే మేము సంతోషించాం. ఆ తప్పు జవాబులో ఆమె కనీసం ఒక వయసున్న మనిషి. సరైన జవాబులో ఒట్టి తురకావిడ.

ఇక గేటు దగ్గరకు వద్దాం. పిల్లలు పెద్ద ప్రశ్నకు వచ్చారు. స్త్రీల పట్ల శివాజీ వ్యక్తిత్వం గురించి రాసే ప్రశ్న. అందరూ గైడులో ఉన్న పాయింట్లు వేళ్ళు మడుస్తూ అప్పజెప్పుకుంటున్నారు. స్త్రీలను గౌరవించడం ఒకటి, తప్పు చేసిన సొంత సేనానిని మందలించడం రెండు, పరమత సహనం మూడు. మా పిల్ల ఆ పాయింట్లన్నీ రాసింది. రాసి ఊరుకోలేదు. చివర ఇంకో రెండు వాక్యాలు చేర్చింది. "ఆమె ఏమనుకుందో పద్యాల్లో లేదు. ఇంటికి వెళ్ళాక ఆమెను వాళ్ళవాళ్ళు ఎలా చూశారో కూడా లేదు."

"అది పాఠంలో లేదు కదే, ఎందుకు రాశావ్?" అంది ఒక స్నేహితురాలు నిజంగా కంగారుపడుతూ. "లేదనే కదా రాశాను" అంది మా పిల్ల. "అయితే మార్కు పోయినట్టే" అని తేల్చేశారు మిగతావాళ్ళు. అంతవరకూ నిబ్బరంగా ఉన్న పిల్ల ముఖం అప్పుడు చిన్నబోయింది. ఇంటికొచ్చే దారిలో కళామందిర్ సెంటర్ దాకా నోరు విప్పలేదు. అక్కడ ఒక్కసారి అడిగింది: "మామూ, రాయకుండా ఉండాల్సిందా?"

మేము పత్రికల్లో పనిచేసే మనిషిమి. పుస్తకాల మీద సమీక్షలు రాస్తాం. ఎన్నో సభల్లో మాట్లాడాం. ఆ పిల్లకు మాత్రం వెంటనే జవాబు చెప్పలేకపోయాం. ఈ వ్యాసం ఆలస్యంగా చెబుతున్న జవాబు.

కవిత్వ విమర్శ అంటే మేము నేర్చుకున్నదేమిటి? కవి చెప్పింది చదవడం. చెప్పనిది ఎక్కడుందో చూడడం. ఎవరి గొంతు వినిపిస్తోంది, ఎవరి గొంతు వినిపించడం లేదు అని అడగడం. విశ్వవిద్యాలయాల్లో ఈ పని చేస్తే పట్టాలు ఇస్తారు. పదో తరగతి పిల్ల చేస్తే మార్కు పోతుందని భయపెడతాం. విచిత్రం ఏమిటంటే ఆ వాచకంలోనే అభ్యాసాలకు 'అవగాహన - ప్రతిస్పందన' అని శీర్షిక ఉంది. ప్రతిస్పందించమని వాచకమే అడిగింది. గైడు వచ్చి ఆ ప్రతిస్పందన ఎలా ఉండాలో ముందే రాసిచ్చింది. గేటు దగ్గరి నలుగురూ కలిసి దానికి ముద్ర వేశారు. మా పిల్ల రాసిన రెండు వాక్యాల కోసం మూల్యాంకనం చేసే ఉపాధ్యాయుడి దగ్గర గడి ఉందో లేదో గానీ, పిల్లల మనసుల్లో మాత్రం లేదు.

ఇందులో ముస్లిం ప్రసక్తి ఎందుకు, ఇది పిల్లలందరి బాధ కాదా అని లౌకిక మిత్రులు అడుగుతారు. ఒకాయన అడిగారు కూడా. "సామరస్యం కోసం పెట్టిన పాఠంలోనూ తప్పులు వెతకాలా? కోడిగుడ్డుకు ఈకలు పీకడం కాదూ?" అన్నారు. బట్టీ చదువు అందరి బాధే, కాదనం. కానీ ఆ పద్యం చదువుతున్నప్పుడు తరగతిలో ఎవరు ఎక్కడ నిలబడతారో ఆలోచించండి. పక్క బెంచీ పిల్లవాడు శివాజీ పక్కన నిలబడి చదువుతాడు. తల్లీ అనే గొంతు అతనిది. ఎంత హాయి! మా పిల్ల ఎక్కడ నిలబడాలి? శివాజీ పక్కన నిలబడితే "మీవాళ్ళ పాఠం" అని గుర్తు చేస్తారు. సర్దారు పక్కన నిలబడితే ఓడిపోయిన దుర్మార్గుడి వంశం అవుతుంది. మిగిలింది ఆ యవన కాంత. ఆమె పక్కన నిలబడితే మాట్లాడడానికి ఒక్క పద్యమూ లేదు. దయ చూపిన మనిషిని పొగడడం ఒక అనుభవం. దయ పొందినవాళ్ళ తరఫున ఆ పొగడ్తను బట్టీ పట్టి అప్పజెప్పడం ఇంకో అనుభవం. ఒకే ప్రశ్నకు ఒకే జవాబు రాసినా ఇద్దరు పిల్లలూ రాసిన పరీక్ష ఒకటి కాదు.

మా రోజుల్లోనూ ఇదే. 1990ల మధ్యలో మేము పదో తరగతి చదివాం. 1992 డిసెంబరులో బాబ్రీ మసీదును కూల్చిన గాయం ఇంకా పచ్చిగా ఉంది. పద్యం తప్పు లేకుండా అప్పజెప్పినందుకు మా మాస్టారొకరు భుజం తట్టి, "తురకోడివైనా తెలుగు బాగా వచ్చురా నీకు" అన్నారు. మేము పొంగిపోయాం. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాం. "ఐసా బోలే క్యా?" అని అమ్మ ఊరుకుంది. ఆ 'అయినా' అన్న మాట ముల్లులా దిగిందని తెలియడానికి మాకు చాలా ఏళ్ళు పట్టింది. మా వీధిలోనే దూదేకులవాళ్ళ పిల్లవాడు ఉండేవాడు. వాళ్ళింట్లో ఉర్దూ ముక్క రాదు. అమ్మ జోలపాడింది తెలుగులో, నాన్న తిట్టింది తెలుగులో. వాడికీ బడిలో అదే మెచ్చుకోలు. అప్పటికే ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' (1991) వచ్చింది. 1998లో ముస్లిం కవుల సంకలనం 'జల్‌జలా' వచ్చింది. అవి చదివాకే, ఈ ముల్లు మా ఒక్కరికే దిగలేదని తెలిసి కొంచెం ఊపిరి పీల్చుకున్నాం.

తెలుగు పద్యానికి మేము చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళం కాదు. చిలకలూరిపేటకు దగ్గర్లోనే కొండవీడు ఉంది. రెడ్డిరాజుల కొలువులో శ్రీనాథుడు విద్యాధికారిగా ఉన్న చోటు అది. గోల్కొండ సుల్తానుల చేతికి వచ్చాక దానికే ముర్తజానగర్ అని పేరు. ఇంటిపేరులో మా పొరుగూరు అద్దంకిని మోసిన గంగాధర కవి తన 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చింది ఇబ్రహీం కుతుబ్‌షాకు. తొలి అచ్చతెలుగు కావ్యమని పేరుపొందిన పొన్నికంటి తెలగన 'యయాతి చరిత్ర' అంకితం అందుకున్నది అమీన్‌ఖాన్. సంస్కృతం కలవని తెలుగు వినాలని ముచ్చటపడినవాడు ఒక ఖాను! పిఠాపురంలో ఉమర్ ఆలీషా (1885-1945) పద్యాలు, నాటకాలు రాశారు. ఇవి తెలుగు సాహిత్య చరిత్రలో ఉన్న మాటలే. అంతెందుకు, పరీక్ష హాలునే చూడండి. హాజరు, కాగితం, జవాబు, నకలు, ఖాళీ. ఇవన్నీ అరబీ, పారసీల నుంచి వచ్చి తెలుగైపోయిన మాటలు. 'ఖాళీలను పూరింపుము' అన్న ఆదేశంలో ఖాళీ మా వైపు నుంచి వచ్చింది, పూరింపు సంస్కృతం వైపు నుంచి వచ్చింది, రెండూ కలిసి తెలుగైంది. ఇంత కలిసిపోయిన భాషలో 'మీవాళ్ళ పాఠం' ఎక్కడి నుంచి వచ్చింది?

మరి ముస్లిం స్త్రీ జవాబు చెప్పే కథ లేదా అంటే ఉంది. అదీ మన కవి ఎత్తుకున్న కథలోనే ఉంది. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా (1895-1971) 1932లో 'ఫిరదౌసి' రాశారు. గజనీ మహమూదు షానామా రాయించుకుని, మాటిచ్చిన బంగారం ఇవ్వకుండా పారసీ కవిని మోసం చేసిన కథ అది. అంటరానితనం అనుభవించిన ఈ నేల కవి, ఎక్కడో ఇరానులో అవమానపడిన ముస్లిం కవి గుండెలో దూరి పద్యాలు చెప్పాడు. మహమూదు ముస్లిమే, ఫిరదౌసి ముస్లిమే. జాషువా మతం చూసి పక్షం ఎంచుకోలేదు. దెబ్బతిన్నవాడి పక్కన నిలబడ్డాడు. ఆ కథకు పారసీలో ఒక ముగింపు ప్రచారంలో ఉంది. పన్నెండో శతాబ్దపు నిజామీ అరూజీ రాసిపెట్టాడు. సుల్తాను పశ్చాత్తాపపడి పంపిన కానుక ఊరి ఒక ద్వారంలోంచి వస్తుంటే కవి జనాజా ఇంకో ద్వారంలోంచి వెళ్తోంది. ఆ కానుకను కవి కూతురికి ఇవ్వబోతే ఆమె వద్దంది. పాదుషా దయను తిప్పికొట్టింది. ఆమెకూ ఆ కథలో పేరు లేదు. కానీ నోరుంది. కల్యాణి దుర్గపు స్త్రీని చదివిన తరగతిలోనే ఈ కూతురి కథ కూడా చెబితే, పిల్లలు గేటు దగ్గర ఏం మాట్లాడుకునేవాళ్ళో అని మాకు ఆశగా ఉంటుంది.

ఇక్కడితో వ్యాసం ముగిస్తే మా వేలు ఎదుటివాళ్ళ వైపే చూపించినట్టవుతుంది. అది న్యాయం కాదు. మిగతాది కూడా చెప్పాలి.

పరీక్షలయ్యాక ఒక సాయంత్రం మా ఆపా ఇంట్లో పెద్దలం కూర్చున్నాం. పిల్లను ఇంటర్‌లో చేర్చాలా, వచ్చిన సంబంధం మాట్లాడాలా అన్నది విషయం. బావగారు పత్తి వ్యాపారి దగ్గర గుమాస్తా. ఆ ఏడు ఇంట్లో డబ్బు సరిపోలేదు. కాలేజీ దూరం, రోజులు బాగాలేవు, అబ్బాయి మంచివాడు, ఒక్కొక్కరం ఒక్కో మాట అన్నాం. మేమూ చదివించాలనే వాదించాం. ఆడపిల్ల చదువు మీద చిన్న ఉపన్యాసమే ఇచ్చాం. అంతసేపూ ఆ పిల్ల మా మధ్యే తిరుగుతూ చాయ్ కప్పులు అందిస్తోంది, ఖాళీ కప్పులు తీసుకెళ్తోంది. ఆమె మేలు గురించి అందరం మాట్లాడాం. ఆమెను ఎవ్వరం అడగలేదు. మా కప్పు తీసుకోవడానికి వంగినప్పుడు ఆమె ముఖం చూశాం. అప్పుడు తట్టింది. ఆ గదిలో సోన్‌దేవుళ్ళమూ మేమే, శివాజీలమూ మేమే. పంపడమో, ఉంచడమో నిర్ణయించేది మేమే. ఆమె ఏమనుకుందో మా పద్యంలోనూ లేదు.

"నువ్వేమంటావమ్మా?" అన్నాం. గది నిశ్శబ్దమైంది. ఆమె ట్రే కింద పెట్టి, "ఇప్పటికి అడిగారా మామూ" అంది. తర్వాత తనకేం కావాలో చెప్పింది. రెండు నిమిషాల్లో చెప్పింది. పరీక్షలో రాసినట్టే, చిన్న చిన్న వాక్యాల్లో. ఆమె చెప్పినట్టే జరిగింది. అందుకు మా ఉపన్యాసం కారణం కాదు. బైపీసీలో చేరింది.

కాబట్టి మేము కోరేది పాఠాలు తీసేయమని కాదు. తీసేయమని కోరడం తేలిక. వాచకాలు మారుతూనే ఉంటాయి, ఒక పద్యం పోయి ఇంకోటి వస్తుంది. మేము కోరేది ప్రతి పద్యం కింద ఒక్క ప్రశ్న: ఇందులో మాట్లాడని మనిషి ఎవరు? మాట్లాడితే ఏమంటారు? ఆ ప్రశ్నకు గైడు జవాబు ఇవ్వలేదు. నలుగురూ గేటు దగ్గర పోల్చుకుంటే నాలుగు రకాలుగా రావాలి. అలా వచ్చినప్పుడు ఏదీ తప్పు కాదని ఆ పిల్లలకు ఉపాధ్యాయుడు ముందే చెప్పి ఉండాలి. ఇదే ప్రశ్న మా ఇళ్ళల్లో, మా మసీదు కమిటీల్లో, మా రచయితల సభల్లో కూడా అడగాలి. ముందు మమ్మల్నే అడగాలి.

మామూ, రాయకుండా ఉండాల్సిందా అని అడిగావు కదమ్మా. లేదు. ఆ పేపరు మొత్తంలో నీ దస్తూరీతో పాటు నువ్వు కూడా ఉన్నవి ఆ రెండు వాక్యాలే.